నలుపులో ఎన్ని నలుపులు!

నలుపంటే ఒకటే నలుపు అనుకునేవాళ్ళు ఏ మ్యాచింగ్ సెంటరు ముందయినా ఓ పావుగంట నిలబడి చూడాలి. చీర పట్టుకుని వచ్చిన ఆడవాళ్ళు కొట్లో ట్యూబులైటు కింద జాకెట్టు గుడ్డ చూసి "బాగానే వుంది" అని వూరుకోరు. చీరకొంగూ గుడ్డా రెండూ చేత పట్టుకుని గుమ్మం దాటి బయటికి వస్తారు. వెలుతుర్లో పక్కపక్కన పెట్టి, అటు తిప్పీ ఇటు తిప్పీ చూసి, "అబ్బే! కాస్త ఎరుపు కొడుతోందండీ, ఇంకోటి తియ్యండి" అంటారు. కొట్టాయన విసుక్కోడు. గుమ్మం బయట నచ్చిన గుడ్డ ఇంటికెళ్ళాక తిరిగి రాదని ఆయనకి తెలుసు!

జాకెట్టు గుడ్డకే ఇంత పరీక్ష పెట్టే మనం, వేలకు వేలు పోసి కొనే జుట్టు విషయంలో ఏం చేస్తున్నాం? రాత్రి పదకొండింటికి మంచం మీద పడుకుని, సెల్‌ఫోన్లో బొమ్మ చూసి, "నేచురల్ బ్లాక్" అన్న రెండు ముక్కలు నమ్మి డబ్బు కట్టేస్తున్నాం. పార్సిలు విప్పాక లబోదిబోమంటున్నాం.

మన అమ్మమ్మలు దీన్నే సవరం అన్నారు. జడలో కలిపి అల్లేసి, పువ్వులు చుట్టేస్తే పని అయిపోయేది. ఇప్పుడు దీని పేరు హెయిర్ ఎక్స్‌టెన్షన్. క్లిప్పులతో తగిలించేవి, టేపుతో అంటించేవి, నడినెత్తిన పల్చబడ్డ చోట కప్పే టాపర్లు, పోనీటెయిల్ కుచ్చులు - ఎన్నో రకాలు. పొడుగూ కొలవొచ్చు, బరువూ తూచొచ్చు. తంటా అంతా రంగుతోనే!

పెళ్ళికూతురి కష్టం

మా పక్కింటి అమ్మాయి సంగతి చెబుతాను. పెళ్ళికి మూడు నెలల ముందు టైఫాయిడ్ వచ్చింది. జ్వరం తగ్గింది గానీ, తర్వాత రెండు నెలలకి దువ్వెన పెడితే చాలు జుట్టు కుచ్చులు కుచ్చులుగా వచ్చేయడం మొదలుపెట్టింది. పెద్ద జ్వరం తగ్గిన రెండు మూడు నెలలకి ఇలా వూడటం మామూలే. చాలామందికి మళ్ళీ వస్తుంది కూడా. కానీ ముహూర్తం ఆగదు కదా! ఏడువేలు పెట్టి ఆన్‌లైన్లో క్లిప్పుల జుట్టు తెప్పించుకుంది. ఇంట్లో రాత్రి పూట పెట్టుకుని అద్దంలో చూసుకుంటే ముచ్చటగా కలిసిపోయింది.

పెళ్ళి పగటి ముహూర్తం. మండపం పచ్చిక మీద వేశారు. తలంబ్రాలయ్యాక అరుంధతీ నక్షత్రం చూపించడానికి బయటికి తీసుకొచ్చారు. ఎండ పడగానే పైన ఆ పిల్ల సొంత జుట్టు గోధుమ ఛాయలోనూ, కింద కొన్న జుట్టు నీలం తిరిగిన కాటుక నలుపులోనూ - గీత గీసినట్టు విడిపోయాయి! పెళ్ళికొడుకు తరఫు ఆవిడెవరో "సవరమా అమ్మా?" అని అడిగేసింది, అదీ నలుగురిలో. ఆవిడ మామూలుగానే అడిగి వుండొచ్చు. కానీ ఆ పిల్ల ఆ తర్వాత ఫొటోలకి తల పక్కకి తిప్పితే ఒట్టు. పుట్టెడు జుట్టు పోయిన బాధ ఒకటి, దాన్ని దాచుకోవాలన్న ఆశ ఇంకోటి. రెండూ ఒక్క మాటతో బయట పడ్డాయి.

కొట్టువాళ్ళకి ఫోన్ చేస్తే "సీల్ విప్పారు కదండీ, వాపసు లేదు" అన్నారు. రంగు తేడా అంటే నవ్వులాట కాదని నాకు అప్పుడే అనిపించింది. ఇందులో కిటుకేమిటో కనుక్కుందామని కృష్ణానగర్ వెళ్ళాను. సినిమాలకి విగ్గులు కట్టే ఒక పెద్దాయన అక్కడ నాకు తెలుసు.

వెండితెర నేర్పే పాఠం

"ప్రేక్షకులు విగ్గు ఎక్కడ పట్టేస్తారో చెప్పమ్మా" అన్నాడాయన.

"నుదుటి దగ్గర" అన్నాను.

"అందరూ అదే అంటారు. నుదుటి దగ్గర వల జాగ్రత్తగా అంటిస్తే కనబడదు. ఎండలో హీరోయిన్ తల తిప్పినప్పుడు పట్టేస్తారు. సెట్లో లైట్ల కింద కలిసిపోయిన నలుపు ఔట్‌డోర్‌లో విడాకులు తీసుకుంటుంది!"

నలుపు తెలుపు సినిమాల రోజుల్లో ఈ బాధ ఇంతగా లేదు. జుట్టు కాస్త ముదురో లేతో అయితే చాలు, అది ఎర్రటి నలుపో నీలపు నలుపో తెర మీద తెలిసేది కాదు. 1963లో 'లవకుశ' తెలుగులో మొదటి పూర్తి నిడివి రంగుల చిత్రంగా వచ్చింది. ఆ తర్వాత క్రమంగా రంగుల సినిమాలు పెరిగాయి. చీరలకీ, సెట్లకీ, మొహాలకీ పట్టిన రంగు పరీక్ష జుట్టుకీ పట్టింది.

కెమెరావాళ్ళని అడిగితే దీనికి ఒక లెక్క చెబుతారు. ప్రతి వెలుతురుకీ ఒక 'రంగు ఉష్ణోగ్రత' వుంటుంది. దాన్ని కెల్విన్లలో కొలుస్తారు. ఇంట్లో పచ్చగా వెలిగే బల్బు సుమారు 2700 కెల్విన్లు. స్టూడియోలో వాడే టంగ్‌స్టన్ లైట్లు 3200. మధ్యాహ్నపు ఎండ సుమారు 5500. అంకె పెరిగేకొద్దీ వెలుతురు నీలం వైపు, తగ్గేకొద్దీ పసుపు వైపు జరుగుతుంది. అందుకే టంగ్‌స్టన్ ఫిల్ముతో ఎండలో తీసేటప్పుడు కెమెరాకి నారింజ రంగు ఫిల్టరు తగిలించేవాళ్ళు. లేకపోతే బొమ్మంతా నీలంగా వచ్చేది.

మన కన్ను గడుసుది. తెల్లకాగితాన్ని ఏ దీపం కింద పెట్టినా తెల్లగానే చూపిస్తుంది. కానీ రెండు రకాల రంగులు పక్కపక్కన వున్నప్పుడు ఆ గడుసుతనం పనిచెయ్యదు. డబుల్ యాక్షన్ సినిమాలో అన్నదమ్ములు చీకట్లో ఒకేలా వుంటారు చూడండి, వెలుతుర్లోకి రాగానే ఒకడి బుగ్గ మీద పుట్టుమచ్చ కనబడుతుంది. ఇదీ అంతే! పుట్టుకతో వచ్చిన నలుపూ, రంగువేసిన నలుపూ ట్యూబులైటు కింద కవల పిల్లలు. ఎండలో ఎవరి దారి వారిది. శాస్త్రజ్ఞులు దీన్ని మెటామెరిజం అంటారు. పేరు మనకెందుకు గానీ, మ్యాచింగ్ సెంటరు గుమ్మం దాటే ఆడవాళ్ళు ఏ శాస్త్రం చదవకుండానే ఇది కనిపెట్టారని మాత్రం ఒప్పుకోవాలి.

నాలుగు గదుల మేడ

జుట్టు రంగు పట్టింపు మన దగ్గరే పుట్టలేదు. మేకప్ ప్రపంచంలో పెద్ద పేరయిన మాక్స్ ఫాక్టర్ మొదట్లో విగ్గులు కట్టే పనివాడే. 1904లో అమెరికా చేరి, హాలీవుడ్ తారలకి మేకప్ చేసి పేరు సంపాదించాడు. 1935లో హైలాండ్ అవెన్యూలో ఆయన తెరిచిన మేకప్ మేడలో, జుట్టు రంగును బట్టి నాలుగు గదులు! బంగారు జుట్టు వాళ్ళకి నీలం గది, ఎర్రజుట్టు వాళ్ళకి ఆకుపచ్చ గది, ముదురు జుట్టు వాళ్ళకి గులాబీ గది, గోధుమ జుట్టు వాళ్ళకి పీచ్‌పండు రంగు గది. చుట్టూ వున్న రంగును బట్టి జుట్టు రంగూ మారినట్టు కనిపిస్తుందని ఆయనకి తెలుసు. ఆ మేడలో ఇప్పుడు హాలీవుడ్ మ్యూజియం వుంది.

తొంభై ఏళ్ళ కిందట అంతటి తారలకి, ఆ గదిలో కూర్చుంటే తప్ప రంగు కుదరలేదు. ఇవాళ మనం అరచేతిలో పట్టే గాజుముక్కలో చూసి కుదిరిందనుకుంటున్నాం!

వెంట్రుక వయసెంత?

వెంట్రుకకి రంగునిచ్చేది మెలనిన్. అందులో ఒక రకం నలుపు-గోధుమ రంగునిస్తుంది, ఇంకోటి ఎరుపు-పసుపు ఛాయనిస్తుంది. మన తలల్లో మొదటిది ఎక్కువ. అంతమాత్రాన అందరి నలుపూ ఒకటి కాదు. ఎండ ఆ రంగును మెల్లగా హరిస్తుంది. గోరింటాకు ఎర్రదనం పూస్తుంది. నూనె రాసిన జుట్టు ఉన్నదానికంటే నల్లగా కనిపిస్తుంది, తడి జుట్టూ అంతే.

ఇంకో విశేషం. జుట్టు నెలకి సుమారు అరంగుళం పెరుగుతుంది. అంటే 24 అంగుళాల జడ వుంటే దాని కొస వయసు దాదాపు నాలుగేళ్ళు! ఆ కొస నాలుగు ఎండాకాలాలు చూసింది. కుదురు దగ్గరి వెంట్రుక నిన్నగాక మొన్న పుట్టింది. రెండూ ఒకే రంగులో ఎందుకుంటాయి? పొడుగు కోసం పెట్టుకునే జుట్టు కలవాల్సింది కొసలతో. నడినెత్తిన పెట్టుకునే టాపరు కలవాల్సింది కుదుళ్ళతో. ఈ ఒక్క ముక్క తెలియక సగం మంది కుదుళ్ళ రంగు చూసి పొడుగు జుట్టు కొంటున్నారు.

సరే, కొనే జుట్టు సంగతేమిటి? తిరుమల కల్యాణకట్టలో భక్తులు సమర్పించే తలనీలాలను దేవస్థానం వేలం వేస్తుందని మనకి తెలిసిందే. అలా తీసిన పొడుగు జుట్టును కుదుళ్ళన్నీ ఒకవైపు వుండేట్టు సర్దితే దాన్ని రెమీ అంటారు. ఇక రెండో రకం, వీధుల్లో సామాన్లిచ్చి కొనుక్కెళ్ళే చిక్కు వెంట్రుకలు. అవి ఎన్నో తలలవి, తలకిందులుగా కలిసిపోయి వుంటాయి. వాటి పైపొరను ఆమ్లంతో తీసేసి, రంగువేసి, సిలికాన్ పూత పూస్తే నిగనిగలాడతాయి. నాలుగు తలంట్లు కాగానే పూత పోతుంది, దాంతో పాటు ఆ మెరుపూ ఛాయా కూడా. కొన్ననాడు కుదిరిన రంగు నెల తర్వాత కుదరకపోవడానికి ఇదో కారణం.

ప్యాకెట్ల మీద అంకెలుంటాయి చూశారా? ఈ వ్యాపారంలో 1 అంటే కాటుక నలుపు. 1బి అంటే సహజమైన నలుపు. 2 అంటే నలుపుకి ఆనుకున్న ముదురు గోధుమ. 4 అంటే చాక్లెట్ రంగు. 99జె ద్రాక్ష రంగు, 613 దొరసాని జుట్టులాంటి లేత బంగారు రంగు. పార్లర్లో రంగు డబ్బాల లెక్క వేరు. అక్కడ 1 నలుపు, 10 అతి లేత బంగారం. రెండు లెక్కలనూ కలపకండి. పైగా ఒక కంపెనీ 1బి, ఇంకో కంపెనీ 1బి ఒకటే అయి తీరాలన్న రూలేమీ లేదు. అంకె దారి చూపిస్తుందంతే, ఇంటికి చేర్చదు. మా పక్కింటి అమ్మాయికి కావలసింది 2, పేరుకి 'నేచురల్' అంటూ వచ్చింది 1!

ఫోను చేసే మాయ

ఫోను కెమెరా మనల్ని అడక్కుండానే బోలెడు దిద్దుబాట్లు చేసేస్తుంది. దీపం పసుపైతే నీలం కలుపుతుంది, నీలమైతే పసుపు కలుపుతుంది. తెల్లగోడ ముందు నల్లజుట్టు నిలబెడితే, గోడ మరీ తెల్లబోకుండా బొమ్మంతా చీకటి చేస్తుంది. జుట్టు ఇంకా నల్లగా పడుతుంది. నల్లతెర ముందు పెడితే బొమ్మను వెలిగిస్తుంది. అదే జుట్టు గోధుమరంగులో పడుతుంది. పైన అందం పెంచే ఫిల్టరు సరేసరి. చూసేవాళ్ళ ఫోన్లో రాత్రిపూట కళ్ళకి హాయిగా వుండే పసుపు తెర పెట్టి వుంటే ఇక చెప్పేదేముంది! అమ్మేవాడి కెమెరా ఒక అబద్ధం, కొనేవాడి తెర ఇంకో అబద్ధం. రెండు అబద్ధాలు కలిస్తే నిజం కాదు.

ఇప్పుడు కొన్ని దుకాణాలు "మీ ఫొటో పంపండి, మా కంప్యూటరే షేడ్ చెబుతుంది" అంటున్నాయి. మంచిదే. అయితే ఫొటో తీసిన వెలుతురు సరిగా లేకపోతే ఎంత తెలివైన కంప్యూటరయినా తప్పుడు సాక్ష్యం మీద తీర్పు చెప్పే జడ్జీయే!

కొనేవాళ్ళు చెయ్యాల్సింది

పెద్దాయన చెప్పినవీ, నేను నలుగురినీ అడిగి తెలుసుకున్నవీ కలిపి చెబుతున్నాను.

తలంటుకుని, నూనె లేకుండా, బాగా ఆరిన జుట్టుతో ఫొటో తీయండి. పొద్దున పదింటికి కిటికీ పక్కన నిలబడండి. నేరుగా ఎండ పడకూడదు, దీపాలన్నీ ఆర్పెయ్యాలి. కొసల పక్కన ఒక తెల్లకాగితం పట్టుకోండి. బొమ్మలో కాగితం పసుపుగా కనబడితే జుట్టు రంగూ అబద్ధమే అన్నమాట. అప్పుడు మళ్ళీ తీయండి. కుదుళ్ళు, మధ్య, కొసలు - మూడూ విడివిడిగా తీయండి.

గోరింటాకు పెట్టుకునే అలవాటున్నా, పెళ్ళికి రంగు వేయించుకునే ఆలోచనున్నా ముందు ఆ పని కానిచ్చి తర్వాత జుట్టు కొనండి. రెండు మూడు ప్యాకెట్లు కావాలంటే ఒకేసారి, ఒకే లాటులోంచి అడగండి. ఒకే థానులోంచి గుడ్డ చింపించుకున్నట్టే ఇదీను.

అన్నిటికంటే మంచి ఉపాయం ముందు నమూనా పాయ తెప్పించుకోవడం. లేదా రాలిన మీ వెంట్రుకలనే చిన్న పాయగా దారంతో కట్టి కవర్లో పెట్టి దుకాణానికి పంపడం. ఫొటోతో ఫొటో కాదు, వెంట్రుకతో వెంట్రుక కలవాలి!

పార్సిలు వచ్చాక విప్పుతూ వీడియో తీసుకోండి. కట్టు తెంచకుండా, ఒక్క పాయ మాత్రం బయటికి లాగి మీ కొసల పక్కన పెట్టి, కిటికీ దగ్గరోసారి, దీపం కింద ఓసారి చూడండి. రెండు వెలుతుర్లలోనూ కుదిరితేనే తగిలించుకోండి. రెండు షేడ్ల మధ్య వూగిసలాడుతుంటే కాస్త లేతదే తీసుకోండి. అసలు వెంట్రుకల జుట్టయితే పార్లర్లో ముదురు చేయించుకోవచ్చు. ముదురుదాన్ని లేత చెయ్యడం కష్టం, జుట్టుకీ చేటు. సింథటిక్ జుట్టుకి మాత్రం ఈ ఆశ పెట్టుకోకండి, తలకి వేసే రంగు దానికి పట్టదు.

అన్నట్టు, చట్టం కూడా మీ పక్కన కొంత వుంది. 2020లో వచ్చిన వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నిబంధనల ప్రకారం, ప్రకటించిన లక్షణాలు లేని సరుకును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనడానికి వీల్లేదు. అయితే రంగు మనమే తప్పుగా ఎంచుకుంటే ఆ వాదన నిలవకపోవచ్చు. అందుకే "నా జుట్టుకి ఈ షేడ్ కలుస్తుంది" అని వాళ్ళ చేతే రాతపూర్వకంగా చెప్పించుకోండి. మాట వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరు వుంది.

అమ్మేవాళ్ళకి ఓ మాట

కొనేవాళ్ళ మీదే బరువంతా వేస్తే ఎలా? దుకాణాలవాళ్ళు చెయ్యగలిగింది ఇంకా ఎక్కువ.

నిగనిగలాడే మోడల్ బొమ్మ ఒకటి పెట్టి సరిపెట్టకుండా, అదే జుట్టును కిటికీ వెలుతుర్లో, పచ్చదీపం కింద, ఎండలో - మూడు ఫొటోలు, పక్కన తెల్లకాగితం పెట్టి చూపించొచ్చు. చేతితో తిప్పుతూ పది సెకన్ల వీడియో పెట్టొచ్చు. 'నేచురల్ బ్లాక్' అన్న గాలిమాటకి బదులు "ఎండలో గోధుమ ఛాయ తిరుగుతుంది" అనో, "నీలం తిరుగుతుంది" అనో తెలుగులోనే రాయొచ్చు. రంగువేసిన జుట్టయితే వేసినట్టు చెప్పొచ్చు. పెద్ద దుకాణాలయితే రంగు కొలిచే యంత్రంతో ప్రతి లాటునూ కొలిచి, పాత లాటుకి తేడా వుంటే వేరే పేరుతో అమ్మొచ్చు. షేడ్ల పాయలన్నీ గుచ్చిన రింగు ఒకటి పార్లర్లకి పంచిపెడితే, కొనే అమ్మాయి అక్కడికెళ్ళి తన జుట్టు పక్కన పెట్టి చూసుకుని మరీ ఆర్డరిస్తుంది.

ఇక పెద్దాయన దగ్గర వున్న అసలు కిటుకు ఇది. ఆయన ఏ విగ్గునీ ఒకే రంగు జుట్టుతో కట్టడు. మేకులు నిలబెట్టిన చెక్క మీద మూడు రకాల నలుపులు కలిపి దువ్వుతాడు. "పుట్టుజుట్టు ఏదీ ఒక్కటే రంగులో వుండదమ్మా. అంతా ఒకే నలుపయితే కళ్ళు వెంటనే అది దొంగ జుట్టని చెప్పేస్తాయి" అన్నాడు. రెండు దగ్గర షేడ్లు కలిపి కట్టిన జుట్టు ఎక్కువ తలలకి సర్దుకుపోతుంది. అమ్మేవాళ్ళు దీన్ని గమనిస్తే వాపసులు తగ్గుతాయి, తిట్లూ తగ్గుతాయి.

మూడంగుళాల నమూనా పాయ కవర్లో పెట్టి పంపడానికి ఏమంత ఖర్చవుతుంది? విప్పిన ప్యాకెట్టు వెనక్కొస్తే పోయేదాంట్లో అది ఏపాటి? పోనీ ఆ డబ్బు కొనేవాళ్ళ దగ్గరే తీసుకుని, ఆర్డరిచ్చాక బిల్లులో తగ్గించుకోమనండి, ఎవరూ కాదనరు.

వచ్చేముందు ఆ పెద్దాయన్ని అడిగాను, "మీరు కట్టినవాటిల్లో జనం బాగా మెచ్చుకున్న విగ్గు ఏదండీ?" అని.

ఆయన నవ్వాడు. "విగ్గు బాగుందని ఎవరయినా అన్నారంటే అది చెడినట్టే లెక్క. హీరోయిన్ జుట్టు బాగుందనాలి. నాకు ఆ మాట చాలు!"